సీడీ ప్లేయర్‌లో కమ్మదనం ఎంత?

ఢిల్లీని ఆనుకుని గాజియాబాద్ జిల్లాలో ఉన్న ఇందిరాపురం పూర్తిగా అపార్ట్‌మెంట్ల ఊరు. శక్తి ఖండ్, నీతి ఖండ్, అహింసా ఖండ్ అనే పేర్లతో వరసగా బహుళ అంతస్తుల ఇళ్లు, వాటి పక్కనే రాత్రీపగలూ వాహనాలతో హోరెత్తే జాతీయ రహదారి. ఉద్యోగాల కోసం ఉత్తరాదికి వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు తమతో తెచ్చుకున్న సామానులో పాటల సీడీలు కూడా ఉంటాయి. అలాంటి ఒక శ్రోతను ఊహించుకుందాం. ఆయన చాలాకాలం డబ్బు కూడబెట్టి, ఎవరో వాడి అమ్మిన ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ ఒకటి కొన్నారు. ఇంట్లో ఉన్న పాత సీడీ ప్లేయర్ మూలపడింది. కొత్తదానికి పెద్దగా డబ్బు మిగల్లేదు. ఇప్పుడు ఆయన వెతుకుతున్నది తక్కువ ధరలో దొరికే, ‘వార్మ్ సౌండ్’ ఇచ్చే సీడీ ప్లేయర్.

ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు కొన్ని మోడళ్ల పేర్లు. ఒకరు ఒక జపాన్ కంపెనీ పేరు చెబుతారు, మరొకరు 1980ల నాటి యూరప్ ప్లేయర్‌లోని ఫలానా చిప్ గురించి చెబుతారు. కానీ వెతుకుతున్న గుణం, వెతుకుతున్న పెట్టె ఒకదానికొకటి కుదరవు. సరిగ్గా పనిచేసే సీడీ ప్లేయర్‌కు సొంత రుచి ఉండదు, ఉండకూడదు కూడా. కమ్మదనం కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. దానికోసం ఖర్చు పెట్టాల్సిన చోటు వేరు.

ముందు ఈ ‘వార్మ్’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. తెలుగులో గొంతును వెచ్చన అనరు. కమ్మగా ఉంది, నిండుగా ఉంది, మెత్తగా ఉంది అంటారు. భౌతికశాస్త్ర పరిభాషలో చూస్తే ఈ మాటల వెనక ముఖ్యంగా రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది స్వరాల మధ్య తూకం. సుమారు 100 నుంచి 300 హెర్ట్జ్ వరకు ఉండే దిగువ పౌనఃపున్యాలు కాస్త పెరిగి, కొన్ని వేల హెర్ట్జ్ పైనుండేవి కాస్త తగ్గితే చెవికి నిండుగా అనిపిస్తుంది. రెండోది, అసలు స్వరంలో లేని అనుస్వరాలు యంత్రం నుంచి వచ్చి చేరడం. 220 హెర్ట్జ్ షడ్జానికి రెండో అనుస్వరం 440. అది పైస్థాయి షడ్జమే కాబట్టి చెవి దాన్ని తప్పుగా పట్టుకోదు, గొంతు ఇంకాస్త నిండిందనుకుంటుంది. మూడోది 660, అంటే పైస్థాయి పంచమం. పాత వాల్వు యాంప్లిఫయర్లకు వచ్చిన మంచి పేరులో చాలా భాగం ఈ రెండో అనుస్వరానిదే. ఒక్క గొంతు విన్నంతసేపు ఇది బాగానే ఉంటుంది. పది వయొలిన్లు కలిసి మోగేటప్పుడు అదే వక్రీకరణ అసలు స్వరాల మధ్య కూడికలు, తీసివేతలు చేసి శ్రుతికి చెందని కొత్త ధ్వనులు పుట్టిస్తుంది.

మన వాద్యాలు ఈ పనిని యంత్రాల కంటే ఎంతో అందంగా చేస్తాయి. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ కాంతి మీద పరిశోధనతో పేరు పొందక ముందే తంబురా, వీణ, మృదంగాల ధ్వనిని పరిశీలించారు. మృదంగం మీది నల్లటి కరణె మామూలు చర్మవాద్యపు అపశ్రుతులను అనుస్వరాల వరసలోకి ఎలా తెస్తుందో 1920లో ‘నేచర్’ పత్రికలో సహచరుడితో కలిసి రాశారు. తంబురా గుర్రం మీద తీగ కింద ఉంచే చిన్న దారపు పోగు ఎన్ని అనుస్వరాలను లేపుతుందో విద్వాంసులకు తెలిసిందే. ఆ నిండుదనం వాద్యంలో ఉంది, రికార్డులో ఉంది. దాన్ని మోసుకొచ్చే పెట్టె తన వంతుగా మరికొంత కలపాల్సిన పనిలేదు.

ఇక్కడ జ్ఞాపకం కూడా పనిచేస్తుంది. యాభై, అరవై ఏళ్లు దాటిన తెలుగు శ్రోతల్లో చాలామందికి పాట అంటే ముందు గుర్తొచ్చేది ఆకాశవాణి, చెక్కపెట్టెలో వాల్వు రేడియో. మీడియం వేవ్ స్టేషన్ల మధ్య మన దేశంలో ఉండే ఎడం 9 కిలోహెర్ట్జ్. అందువల్ల రేడియో వినిపించే పౌనఃపున్యాలు 4, 5 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయేవి. ఆ పైనున్న తాళాల మెరుపు, సకారాల బుసబుస ఇంటికి చేరేవే కావు. చెక్కపెట్టె తన కంపనాలను దిగువ స్వరాలకు జోడించేది. ఆ కమ్మదనంలో పెద్ద భాగం ఎగువ స్వరాలు లేకపోవడమే! దాన్ని మళ్లీ వినాలనుకోవడం సహజం. కానీ 20 కిలోహెర్ట్జ్ దాకా వినిపించే హెడ్‌ఫోన్ కొని, ఆ తర్వాత సీడీ ప్లేయర్ వాటిని తగ్గించాలని కోరుకోవడం, కిటికీకి పెద్ద అద్దం బిగించి దానికి మందపాటి తెర కట్టినట్టే.

ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ పనితీరు చూస్తే ఈ కోరిక ఎందుకు పుడుతుందో అర్థమవుతుంది. మామూలు హెడ్‌ఫోన్‌లో తీగచుట్ట, అయస్కాంతం, వాటికి అతికించిన చిన్న శంకువు ఉంటాయి. ఇందులో అవేవీ లేవు. ఒకటి రెండు మైక్రోమీటర్ల మందం మాత్రమే ఉండే ప్లాస్టిక్ పొర ఉంటుంది. తలవెంట్రుక మందంలో అది కొన్ని పదుల వంతుల్లో ఒక వంతు. ఆ పొరకు స్థిరమైన విద్యుదావేశం ఇస్తారు. జపాన్‌కు చెందిన స్టాక్స్ కంపెనీ నేటి మోడళ్లలో ఈ వోల్టేజి 580. పొరకు అటూ ఇటూ చిల్లులున్న రెండు లోహపు పలకలు ఉంటాయి. సంగీత సంకేతాన్ని వందల వోల్టులకు పెంచి ఆ పలకలకు ఇస్తే, ఒకటి పొరను లాగుతుంది, ఇంకోటి నెడుతుంది. పొర మొత్తం ఒకేసారి కదులుతుంది. బరువు దాదాపు లేదు కాబట్టి సంకేతం ఆగగానే ఆగుతుంది. తంబురా మీటు మొదలైన క్షణం, గాయని ఊపిరి, పాత టేపులోని హిస్ అన్నీ విడివిడిగా వినబడతాయి. దిగువ స్వరాల్లో గుద్దినట్టుండే బలం మాత్రం మామూలు హెడ్‌ఫోన్లంత రాదు. కాబట్టి కొత్తగా వినేవారికి ముందు పలచగా, పొడిగా ఉన్నట్టు తోస్తుంది. అప్పుడే చూపు సీడీ ప్లేయర్ మీదికి మళ్లుతుంది.

మరి సీడీ ప్లేయర్ చేసేదేమిటి? 120 మిల్లీమీటర్ల బిళ్ల మీద 1.6 మైక్రోమీటర్ల ఎడంతో చుట్టుకుపోయిన సర్పిలాన్ని, 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న లేజర్‌తో లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది. ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు. గీతలు పడి కొన్ని బిట్లు పోయినా, రీడ్-సోలమన్ పద్ధతిలో ముందే కలిపి ఉంచిన అదనపు సమాచారంతో వాటిని తిరిగి లెక్కగడుతుంది. ట్రాక్ వెంట రెండు మిల్లీమీటర్లకు పైగా గీత ఉన్నా పోయిన బిట్లు అచ్చంగా దొరుకుతాయి, ‘దాదాపుగా’ కాదు. గీత అంతకంటే పెద్దదైతే పక్క నమూనాలను బట్టి ఊహించి పూడుస్తుంది. అదీ కుదరకపోతే టక్కుమనే చప్పుడో, మౌనమో వస్తుంది. ఈ మూడింటిలో ఏదీ పాటను కమ్మగా మార్చదు.

ఆ తర్వాత అంకెలను వోల్టేజిగా మార్చే చిప్, దాని వెనక చిన్న యాంప్లిఫయర్. మొదటి సీడీ ప్లేయర్ జపాన్ మార్కెట్లోకి వచ్చింది 1982 అక్టోబర్‌లో. ఆ తొలినాళ్లలో ఈ మార్పిడి నిజంగా కష్టమైన పని. ఫిలిప్స్ మొదటి ప్లేయర్లలో ఉన్నది 14 బిట్ల చిప్పే. నమూనాల వేగాన్ని నాలుగు రెట్లు పెంచే ఉపాయంతో దాన్ని 16 బిట్లకు సరిపెట్టారు. నాలుగు దశాబ్దాల తర్వాత ఆ కష్టం లేదు. సాధారణ ధర ప్లేయర్ కూడా 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు డెసిబెల్‌లో కొన్ని పదోవంతులకు మించి తేడా రాకుండా ఇస్తుంది. హెడ్‌ఫోన్లను ఒకదానితో ఒకటి పోలిస్తే తేడాలు ఐదారు డెసిబెల్‌లు దాటతాయి. చెవి చుట్టూ ఉండే దిండు కళ్లజోడు కాడ వల్ల కాస్త పైకి లేచినా దిగువ స్వరాలు కొన్ని డెసిబెల్‌లు తగ్గుతాయి. ప్లేయర్ మార్చే ముందు అరిగిన దిండ్లు మార్చి చూడటం ఎంతో చవక, ఎంతో ఎక్కువ ఫలితం.

ప్లేయర్‌కూ హెడ్‌ఫోన్‌కూ ‘జోడీ’ కుదరాలన్న మాట కూడా తరచూ వినబడుతుంది. ఎలక్ట్రోస్టాటిక్ విషయంలో అదీ నిలవదు. ఈ హెడ్‌ఫోన్ ప్లేయర్‌కు నేరుగా తగలదు. మధ్యలో ఎనర్జైజర్ అనే ప్రత్యేక యాంప్లిఫయర్ ఉండి తీరాలి. దాని ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 50 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. ప్లేయర్ అవుట్‌పుట్ నిరోధం 200 ఓమ్‌లు అనుకుంటే, మధ్యలో పోయే సంకేతం 0.4 శాతం, అంటే డెసిబెల్‌లో సుమారు ముప్పయ్యో వంతు మాత్రమే. అదీ అన్ని పౌనఃపున్యాలకూ సమానంగానే పోతుంది. ఎనర్జైజర్‌కు అవతల ఏ హెడ్‌ఫోన్ ఉందో ప్లేయర్‌కు తెలిసే అవకాశమే లేదు.

అన్ని ప్లేయర్లూ ఒకేలా ఉంటాయనడం మాత్రం అతిశయోక్తి అవుతుంది. నిజంగా వేరుగా వినిపించేవి కొన్ని ఉన్నాయి. అవుట్‌పుట్‌లో వాల్వులు పెట్టి కావాలనే అనుస్వరాలు కలిపేవి ఒక రకం. నమూనాల వేగం పెంచకుండా, ఫిల్టర్ లేకుండా మెట్లుమెట్లుగా వదిలేసేవి ఇంకో రకం. ఈ రెండో రకాన్ని ఆడియో ప్రియులు ఎంతో మెచ్చుకుంటారు. ఇందులో ఏం జరుగుతుందో లెక్క వేయవచ్చు. 5 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గుదల సుమారు 0.2 డెసిబెల్, 10 దగ్గర 0.75, 20 దగ్గర 3.2. ఇది నిజమైన తేడానే. కానీ యాభై దాటిన చాలామందికి 14 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ వినిపించదు. తగ్గుదల ఎక్కువగా ఉన్నచోట చెవి లేదు, చెవి ఉన్నచోట తగ్గుదల అంతంతమాత్రం. అంతే తేడా ఎనర్జైజర్‌కు ముందు ఒక టోన్ కంట్రోల్ పెట్టి పొందవచ్చు, నచ్చకపోతే తిప్పేయవచ్చు. ప్లేయర్‌లోనే బిగించేసిన రుచిని తీసేయడం కుదరదు. వంటలో ఉప్పు లాంటిదే ఇది.

మరి ఇంతమందికి ఒక ప్లేయర్ కమ్మగా, మరొకటి పొడిగా ఎందుకు వినిపిస్తుంది? వాళ్లు అబద్ధం చెబుతున్నారా? కాదు. సీడీ ప్లేయర్ గరిష్ఠ అవుట్‌పుట్ మామూలుగా 2 వోల్టులు. కొన్ని కంపెనీలు 2.3 వోల్టుల దాకా ఇస్తాయి. ఈ రెండింటి మధ్య తేడా 1.2 డెసిబెల్. అంత చిన్న తేడాను చెవి ‘శబ్దం పెరిగింది’ అని గుర్తించదు, ‘బాగుంది’ అనుకుంటుంది. పైగా తక్కువ శబ్దంలో మనిషి చెవికి దిగువ స్వరాలు సరిగా అందవని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. శబ్దం కొంచెం పెరిగితే అన్నిటికంటే ఎక్కువ లాభపడేవి ఆ దిగువ స్వరాలే. అంటే 2.3 వోల్టుల ప్లేయర్ ‘వార్మ్’ అని పేరు తెచ్చుకోవడానికి అందులో వేరే విశేషమేమీ అక్కర్లేదు!

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే పాట సీడీలు రెండు, ప్లేయర్లు రెండు, వాటి మధ్య మార్చే ఒక స్విచ్ కావాలి. 400 హెర్ట్జ్ పరీక్షా ధ్వని ఒకటి సీడీ మీద రాసుకుని, మల్టీమీటర్‌తో రెండింటి అవుట్‌పుట్ కొలిచి సమానం చేయాలి. ఏసీలో 200 వోల్టుల రేంజి మాత్రమే ఉన్న చవక మీటర్ దీనికి చాలదు. అది చూపే కనీస మెట్టు 0.1 వోల్టు, 2 వోల్టుల మీద అదే 0.4 డెసిబెల్ అవుతుంది. ఏసీ 2 లేదా 20 వోల్టుల రేంజి ఉన్నది కావాలి. తర్వాత ఇంట్లో ఇంకొకరు వినేవారికి కనబడకుండా, నాణెం ఎగరేసి స్విచ్ మార్చాలి. 16 సార్లలో 12 లేదా అంతకంటే ఎక్కువసార్లు సరిగ్గా చెబితే, అది గుడ్డి లెక్కన జరిగే అవకాశం 4 శాతంకన్నా తక్కువ. అప్పుడు తేడా ఉందని నమ్మవచ్చు. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షను పెద్దస్థాయిలో చేశారు. సీడీ కంటే ఎక్కువ నాణ్యత ఉన్న రికార్డింగులను నేరుగా, మళ్లీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కు కుదించి వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. కళ్లు మూసుకుని పోల్చకుండా రాసిన ‘వార్మ్’ అనే ఏ మాటకూ ఆ డబ్బు పెట్టేంత విలువ లేదు.

కాబట్టి ఇందిరాపురం శ్రోత ప్లేయర్‌ను ఎంచుకోవాల్సింది వేరే ప్రశ్నలతో. డబ్బా ఎంత చవకైనా సరే, లేజర్ బాగుందా? ఎర్రకోట ఎదుటి లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌లో గానీ ఎవరి ఇంట్లో గానీ వాడిన ప్లేయర్ చూడబోతే, రెండు సీడీలు చేతిలో పట్టుకెళ్లాలి. ఒకటి 70 నిమిషాలు దాటిన నిండు సీడీ, దాని చివరి పాట ఆగకుండా రావాలి. ఇంకోటి ఇంట్లో రాసుకున్న సీడీ. అచ్చువేసిన దానికంటే అది కాంతిని కాస్త తక్కువగా తిప్పికొడుతుంది, అలసిన లేజర్ అక్కడే తడబడుతుంది. ఢిల్లీ దుమ్ము లెన్సు మీద చేరడం మామూలే, ఒక్కోసారి తుడిస్తే చాలు. లేజరే అరిగిపోతే, దాని భాగం ఇంకా దొరుకుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. పాత గొప్ప మోడళ్ల కథలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. 1980ల నాటి కొన్ని సీడీలను ఎగువ స్వరాలు పెంచి రికార్డు చేశారు. ప్లేయర్ ఆ గుర్తు చూసి తిరిగి తగ్గించాలి. తగ్గించకపోతే 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 9.5 డెసిబెల్‌లు అదనంగా మోగుతుంది. దాన్ని విని ప్లేయర్‌ను ‘పొడి’ అనడంలో అన్యాయమేమీ లేదు. సీడీలు వేసుకునేందుకు పాత డీవీడీ ప్లేయర్ వాడాలనుకుంటే ఈ సంగతి చూసుకోవాలి. ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే మంచిది. మార్పిడి చిప్ పాతదైనా, రేపు విడిగా చిన్న డీఏసీ తగిలించుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది రుచికి సంబంధించింది కాదు, ప్రాణానికి, పర్సుకు సంబంధించింది. వాడిన ఎనర్జైజర్లు చాలా జపాన్ నుంచి వస్తాయి. అక్కడి ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. వెనక రాసినది చూడకుండా ప్లగ్ పెడితే హెడ్‌ఫోన్ కంటే ముందు ఎనర్జైజర్ కాలుతుంది. సరైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, మూడు పిన్నుల సాకెట్‌కు నిజంగా ఎర్త్ ఉండాలి. లోపల వందల వోల్టులుంటాయి కాబట్టి మూత తెరిచి బాగుచేసే ప్రయత్నం ఇంట్లో వద్దు. వర్షాకాలపు తేమ, దుమ్ము పొరమీద చేరితే ఒక చెవిలో శబ్దం తగ్గడం, చిటపటలు రావడం జరుగుతాయి. వాడనప్పుడు గుడ్డ కప్పి పెట్టడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

కమ్మదనం రికార్డులోనే తేడాగా వస్తుందన్నది కూడా తెలుగు పాటల విషయంలో మరచిపోతుంటారు. ఘంటసాల 1974లో మరణించేనాటికి సీడీ పుట్టలేదు. ఆయన పాట ఏ సీడీలో ఉన్నా అది టేపు నుంచో, రికార్డు నుంచో, సినిమా సౌండ్‌ట్రాక్ నుంచో మార్చినదే. ఒకే పాట ఒక సీడీలో నిండుగా, మరోదానిలో హిస్ తీసేసే ప్రయత్నంలో ఊపిరి కూడా పోయి గాజులా వినిపించడం మామూలు. ఎలక్ట్రోస్టాటిక్ ఈ తేడాను దాచదు. ప్లేయర్ మీద మిగిల్చిన డబ్బుతో అదే ఆల్బమ్‌కు బాగా మార్చిన ఇంకో ప్రతి వెతకడం ఎంతో మేలు.

ఇక చివరిగా ఇల్లు. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు దాదాపు అన్నీ వెనకవైపు తెరిచే ఉంటాయి. బయటి శబ్దం నేరుగా చెవిలోకి వస్తుంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. రహదారి పక్క అపార్ట్‌మెంట్‌లో కిటికీ తెరిచి ఉంటే దానికంటే ఎక్కువే ఉండవచ్చు. పరిమితి మేరకే ఉందనుకున్నా, 90 డెసిబెల్ గరిష్ఠంగా వినేవారికి రాత్రి నిశ్శబ్దం మీద మిగిలేది 45 డెసిబెల్‌ల ఎడమే. చవక ప్లేయర్ సొంత రొద గరిష్ఠం కంటే 90 డెసిబెల్ కింద ఉందంటే, అది వినికిడి అంచున, సున్నా దగ్గర ఉన్నట్టు. దాన్ని వినగలిగే గది ఇందిరాపురంలో ఏ ఇంట్లోనూ ఉండదు.

ఆ రొదను దాటి వినాలని శబ్దం పెంచడమే అసలు ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవారు వారానికి 40 గంటలు వినడానికి సురక్షితమైన సగటు 80 డెసిబెల్. ప్రతి 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. కిటికీ మూసి, ఫ్యాన్ తగ్గించి, రాత్రి పది దాటాక పాట పెట్టుకుంటే నాబ్‌ను ఆరేడు డెసిబెల్‌లు వెనక్కి తిప్పవచ్చు.